బైత్, దార్, సకన్: భిలాయిలో ఒక చిరునామా కోసం

భిలాయికి ఎవరూ ఊరికే వెళ్ళరు. ఉద్యోగం వచ్చి వెళ్తారు, పెళ్ళికి వెళ్తారు, ప్లాంటులో రిటైరైన మేనమామకి ఒంట్లో బాగాలేదంటే వెళ్తారు. నేను ఒక కాగితం చదవడానికి వెళ్ళాను. గల్ఫ్‌లో ఒక భవన నిర్మాణ కంపెనీ లేబర్ క్యాంపులో పంతొమ్మిదేళ్ళు గుమాస్తాగా చేసి, నాలుగేళ్ళ కిందట విజయనగరం వచ్చేశాను. అరబ్బీ మాట్లాడ్డం అక్కడికెళ్ళిన ప్రతివాడికీ అంతో ఇంతో వస్తుంది. చదవడం, రాయడం, టైపు కొట్టడం నాకొచ్చు. అందుకని మా చుట్టుపక్కల ఏ ఇంటికి అరబ్బీ కాగితం వచ్చినా తిరిగి తిరిగి నా గుమ్మంలోకే వస్తుంది. వాటిలో ఇంతవరకు ఒక్క శుభవార్త లేదు. శుభవార్తలు ఫోన్లో చెప్పుకుంటారు, వాటికి కాగితం, ముద్ర అక్కర్లేదు.

ఈసారి ఫోను భిలాయి నుంచి వచ్చింది. చేసినాయన సింహాచలం గారు. శృంగవరపుకోట వైపు మనిషి, స్టీలు ప్లాంటు కోక్ ఓవెన్లలో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యారు. ఆయన కొడుకు జగదీష్ గల్ఫ్‌లో వెల్డరు. ఎనభై రెండు రోజుల కిందట క్యాంపు గదిలో పడుకున్నవాడు పొద్దున్న లేవలేదు. గుండె ఆగిపోయిందని గదిలోవాళ్ళు ఫోన్ చేసి చెప్పారు. శవం మాత్రం ఇంకా ఇంటికి రాలేదు. పంపించిన ఏజెంటుని అడిగినప్పుడల్లా "ఆ రహా హై", వస్తోంది అంటాడు. మొన్న అతనే ఒక అరబ్బీ కాగితం జిరాక్సు ఇచ్చి, శాశ్వత నివాసానికి రుజువేదో అడుగుతున్నారట అన్నాడు. దాని ఫోటో నాకు పంపారు, సగం పేజీ మడతలో పోయింది. "మీరొక్కసారి వచ్చి సదివి సెప్తే, ఆ రుజువేటో పట్టుకొచ్చి నా కొడుకుని తెచ్చుకుంటాను మాస్టారూ" అన్నారు సింహాచలం గారు. కాదనడానికి నాకు మొహం చెల్లలేదు. జగదీష్ మొదట పనిచేసింది మా క్యాంపులోనే. అతని వివరాలుండే కంపెనీ కార్డు టైపు చేసింది నేనే.

అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు. భిలాయి పక్కన హథ్‌ఖోజ్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డింగు నేర్చుకుని వచ్చాడు. పాస్‌పోర్టులో చిరునామా అన్నచోట భిలాయి ప్లాంటు టౌన్‌షిప్పులో సెక్టారు, స్ట్రీటు, క్వార్టరు నంబరు ఉన్నాయి. మీ నాన్న ఇంకా సర్వీసులో ఉన్నాడా అని అడిగాను. రిటైరై రెండేళ్ళయింది, టౌన్‌షిప్పు బయట కోహ్కాలో చిన్న ఇల్లు కట్టుకున్నాం అన్నాడు. మరి ఈ క్వార్టరు అడ్రసేమిటన్నాను. "భిలాయిలో అందరిదీ అంతే బాబాయ్. క్వార్టర్ ఖాళీ చేస్తాం గానీ అడ్రస్ ఖాళీ చెయ్యం. ఉత్తరాలు అక్కడికే వస్తాయి, ఎదురింటి దీదీ డబ్బాలో దాస్తాది. నెలకోసారి మా వాళ్ళు వెళ్ళి చాయ్ తాగి తెచ్చుకుంటారు. చల్తా హై" అన్నాడు. పాస్‌పోర్టులో ఏముంటే అదే కొట్టడం నా అలవాటు. 'శాశ్వత నివాసం' అన్న గడిలో ఆ క్వార్టరు నంబరే అరబ్బీలో టైపు చేసి ముద్ర కొట్టాను. ఇంటి ఫోను నంబరు అన్నచోట తన సొంత నంబరే రాసుకున్నాడు. అదీ నేను అడగలేదు.

ఆ కార్డు ఫారంలో ఇంటికి సంబంధించి మూడు గళ్ళుండేవి, మూడింటికీ వేరు వేరు మాటలు. ఇల్లు అంటే ఇన్ని మాటలెందుకని వాడికి ఆశ్చర్యం. సాయంత్రాలు నా గదికి టీకి వచ్చినప్పుడల్లా అదే గొడవ. బైత్ అంటే రాత్రి గడిపే చోటని చెప్పాను, గుడారమైనా బైతే, మేడైనా బైతే. దార్ అంటే చుట్టూ గోడ, మధ్యలో వాకిలి ఉన్న ఇల్లు, అందులో మనుషులు. మన్‌జిల్ అంటే ప్రయాణంలో దిగే చోటు, మన మజిలీ దాన్నుంచి వచ్చిందే. మకాం అంటామే, అదీ వాళ్ళ మాటే. మస్కన్, సకన్ అంటే కదలకుండా కుదురుగా ఉండే చోటు, కానీ కంపెనీ కూలీలకిచ్చే గదుల్ని సకన్ అంటారు. కిరాయి అన్న మాట వాళ్ళదే, ఖాళీ అన్న మాటా వాళ్ళదే అంటే వాడు నవ్వి, "ఖాళీ మాట మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు బాబాయ్" అన్నాడు. తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. మా క్వార్టరు సకన్, కోహ్కా ఇల్లు దార్ అన్నాడు. కోహ్కా ఇంట్లో అప్పటికి వాడు ఉన్నది నాలుగు నెలలు.

ఇక దారి సంగతి. విశాఖ నుంచి దుర్గ్ వైపు వెళ్ళే బండ్లు విజయనగరంలో ఆగుతాయి. సాయంత్రం ఎక్కితే రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ మీదుగా పొద్దున్నకి దించేస్తాయి. స్లీపరు మూడు వందల యాభై దాటదు. నాది రెండు గంటలు ఆలస్యంగా తొమ్మిదింటికి దుర్గ్ చేరింది. పవర్‌హౌస్ స్టేషన్లో దిగితే సెక్టార్లు దగ్గర, కోహ్కా వెళ్ళేవాళ్ళకి దుర్గ్ అయినా ఇబ్బంది లేదు. స్టేషన్ బయట ఇరవై రూపాయలకి ప్లేటు పోహా, అంటే అటుకుల ఉప్మా, దాని మీద సేవ్ అనే సన్న కారప్పూస, పక్కన ఒక జిలేబీ పెడతారు. రెండు ప్లేట్లు తిన్నాను. ఆకలేసి కాదు. మైలలో ఉన్న ఇంటికి వెళ్తున్నప్పుడు తినే వెళ్ళాలి. అక్కడ మనం మంచినీళ్ళు కూడా అడగకూడదు, వాళ్ళు ఇవ్వనూ ఇవ్వరు. నెహ్రూ నగర్‌లో తొమ్మిది వందలకి లాడ్జి గది తీసుకుని, స్నానం చేసి, పదిన్నరకి ఆటో మాట్లాడాను. కోహ్కాకి నూట ఇరవై అన్నాడు, వందకి వచ్చాడు.

డ్రైవరు నా హిందీ విని రెండు నిమిషాల్లోనే తెలుగులోకి దిగాడు. ఇక్కడే పుట్టినవాడు. "మాది టెక్కలి సైడు సార్. మా పాపా చెప్తాడు, నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నాడు. కోహ్కాలో మనవాళ్ళు ఎక్కువేనా అని అడిగాను.

"సగం మంది క్వార్టర్ ఖాళీ చేసినోళ్ళే సార్. రిటైర్ అయినాక ఊరు ఎందుకెళ్ళలేదు అంటే పిల్లలు ఇక్కడే కదా అంటారు. మళ్ళీ పిల్లలు ఇక్కడ ఉండరు."

"నీ లైసెన్సులో అడ్రసు ఎక్కడిది?"

అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. "సెక్టార్‌దే. ఆ బిల్డింగ్ తోడ్ దియా, కూల్చేశారు పోయినేడు. అయినా అదే ఉంది."

సింహాచలం గారిల్లు రెండు గదులు, ముందు చిన్న సిమెంటు వాకిలి, చుట్టూ ప్రహరీ. జగదీష్ దార్ అన్నది దీన్నే. సింహాచలం గారే నాకు ఎదురొచ్చారు. ఎనభై రెండు రోజుల గడ్డం, నూనె లేని జుట్టు, మాసిన పంచె. లోపల గోడకానుకుని నేల మీద పైడమ్మ గారు కూర్చున్నారు. దేవుడి గూట్లో దీపం లేదు. కబురు తెలిసిన రోజు నుంచీ ఇంట్లో మైల నడుస్తోంది, దానికి ముగింపు లేదు. పెద్దలెవరో అన్నారట, దహనమే జరక్కుండా పదోరోజు ఎక్కణ్ణుంచి లెక్కపెడతారని. అందుకని దినం లేదు, పెద్దకర్మ లేదు, ఎవరింటి గడపా తొక్కింది లేదు. పాత సెక్టారు వాళ్ళెవరికీ కబురు కూడా పంపలేదు. "ఒట్టి మాట సెప్తే ఏటి సెప్పాల మాస్టారూ. వొచ్చినాక సెప్తాం అనుకున్నాం" అన్నారు పైడమ్మ గారు. ఆవిడ వచ్చినాక అన్నది శవం గురించి.

జిరాక్సు కాగితం చదివాను. మరణ ధ్రువపత్రం అది. చివర్లో పెన్నుతో ఒక వాక్యం రాసి ఉంది: శాశ్వత నివాసంలో ఉన్న కుటుంబం తన అభిప్రాయం తెలియజేయాలి. అంతే. ఏజెంటు దాన్ని రుజువు కావాలని అర్థం చేసుకున్నాడు. పూర్తిగా తప్పు కాదు. మీరు ఆ చిరునామాలో ఉండేవారని, ఇప్పుడు ఇక్కడ ఉంటున్నారని ఎవరైనా రాసిస్తే, దాన్ని అరబ్బీలోకి మార్చి, మీ సమ్మతితో కలిపి ఈ రోజే పంపుదాం అన్నాను. రాసివ్వగలిగింది ఎవరని అడిగితే ఇద్దరూ ఒకేసారి ఎదురింటి నిర్మలా దీదీ పేరు చెప్పారు.

"నాను రాను" అన్నారు సింహాచలం గారు. "మైలతో ఒకరి గుమ్మంలోకి ఎలగెల్తాను? అమ్మిని తీసుకెల్లండి. అది కూడా గేటు కాడే నిలబడాల."

అమ్మి అంటే కూతురు సంధ్య. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తుంది, తెలుగు కంటే హిందీయే నోట్లో ఎక్కువ ఆడుతుంది. బయట ఆగమన్న అదే ఆటోలో సుపేలా మీదుగా, రైలు పట్టాల కింద దారిలోంచి సెక్టార్ల వైపు వెళ్ళాం. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. మీరు ఆ వైపు మొదటిసారి వెళ్తుంటే ఒకటి చెప్తాను, సెక్టార్లలో దారి అడగక్కర్లేదు. వీధికి నంబరు, ఇంటికి నంబరు, అన్నీ వరుసగా ఉంటాయి, ఊరికి కొత్తవాడు కూడా తప్పిపోడు. రోడ్లకి రెండు పక్కలా పెద్ద చెట్లు, నీడ బాగుంటుంది. చెట్ల ఆకుల మీద ఎర్రటి దుమ్ము. సంధ్య దారంతా ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అంది. "కాగజ్ ఈరోజు పంపితే ఎన్ని రోజుల్లో తెస్తారు అంకుల్? పది రోజుల్లో అయిపోతాదా?" అవుతుందన్నాను. నిజంగానే అవుతుందనుకున్నాను.

వాళ్ళ పాత క్వార్టరు బ్లాకు మొత్తం ఖాళీగా ఉంది. పెచ్చులూడుతోందని పోయిన వానాకాలంలో అందర్నీ ఖాళీ చేయించారట. తలుపులు, కిటికీలు ఊడదీసి పట్టుకుపోయారు. గోడ మీద నల్ల రంగుతో నంబరు మాత్రం ఉంది, జగదీష్ పాస్‌పోర్టులో నేను చూసిన నంబరే. గుమ్మంలోంచి చూస్తే వెనక పెరటి గోడ దాకా కనపడుతోంది. ఏడేళ్ళ కిందట నా వేళ్ళతో టైపు చేసిన శాశ్వత నివాసం అది.

వీధికి అవతలి క్వార్టరు నిర్మలా దీదీది. భర్త ఇంకా ప్లాంటులోనే పనిచేస్తున్నాడు. నేను లోపలికెళ్ళి నమస్కారం పెట్టి ఎవరినో చెప్పుకునేలోపే ఆవిడ గేటు బయట సంధ్యని చూసింది.

"అరే సంధ్యా, బాహర్ క్యోఁ ఖడీ హై? అందర్ ఆ" అంది. బయట నిలబడ్డావేం, లోపలికి రా అని. మూణ్ణెల్లుగా ఒక్కరూ రాలేదు, మీ ఊరెళ్ళారనుకున్నానని కూడా అంది. సంధ్య కదల్లేదు. "దీదీ, భయ్యా నహీ రహా" అంది, అన్నయ్య ఇక లేడని. ఆవిడ చేతిలో చేట ఉంది. దాన్ని మెల్లిగా గట్టు మీద పెట్టి, గేటు దాకా వెళ్ళి, మైల అని సంధ్య వెనక్కి జరుగుతున్నా వినకుండా దగ్గరికి లాక్కుంది. వీధిలో నిలబడి ఇద్దరూ ఏడ్చారు. నేను వరండాలో చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను.

కాసేపటికి నేను వచ్చిన పని చెప్పాను. రాసిస్తానంది. రాయడానికి కాగితం కోసం లోపలికెళ్ళి, వస్తూ వస్తూ బిస్కెట్ల డబ్బా కూడా తెచ్చింది. రిటైరై వెళ్ళిన మూడు ఇళ్ళ ఉత్తరాలు అందులోనే ఉంచుతుందట. సింహాచలం గారి పేరు మీద ఒక పెన్షను కాగితం, ఒక పెళ్ళి శుభలేఖ, రెండు రిజిస్టర్డ్ కవర్లు. పోస్టుమాన్‌కి ఈ వీధి పద్ధతి తెలుసు కాబట్టి రెండూ ఆవిడకే ఇచ్చాడు, ఆవిడే సంతకం పెట్టింది. కవర్ల మీద అరబ్బీ ముద్ర ఉంది.

సంధ్యని తీసుకుని అవతలికి వచ్చి, వాళ్ళ పాత క్వార్టరు మెట్ల మీద కూర్చుని కవర్లు చింపాను. మొదటి ఉత్తరం అక్కడి అధికారులు జగదీష్ పోయిన పదకొండో రోజున రాసింది. మృతుడి దేహం భద్రంగా ఉంది, స్వదేశానికి పంపమంటారా, ఇక్కడే అంత్యక్రియలు చేయమంటారా, ఈ ఉత్తరం అందిన నలభై అయిదు రోజుల్లో శాశ్వత నివాసంలో ఉన్న కుటుంబం తెలియజేయాలి. అడుగున ఫోను నంబరు కూడా ఇచ్చారు. రెండో ఉత్తరం పన్నెండు రోజుల కిందట వచ్చింది. అది చిన్నది. మొదటి ఉత్తరం శాశ్వత నివాసంలో అందినట్టు సంతకంతో రసీదు తిరిగి వచ్చింది, గడువులోగా జవాబు రాలేదు, కాబట్టి దేహాన్ని విదేశీయుల శ్మశానంలో ఖననం చేయడమైనది. మరణ పత్రం మీద పెన్నుతో రాసిన ఆ వాక్యం పాతదని, గడువు ముగియకముందుదని అప్పుడు అర్థమైంది.

"క్యా లిఖా హై అంకుల్?" ఏం రాశారని అడిగింది సంధ్య.

ఇలాంటివి పంతొమ్మిదేళ్ళు చదివాను. చుట్టూ తిప్పి చెప్పడం అలవాటు లేదు. "అక్కడే పూడ్చేశారమ్మా. మిమ్మల్ని ముందు అడిగారు. ఆ ఉత్తరం ఈ డబ్బాలోనే ఉండిపోయింది" అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. వీధికి అవతలి ఇంటినీ, తర్వాత కోహ్కా వైపునీ చూసింది. "ప్రతి నెలా వచ్చేవాళ్ళం" అంది. "ఈ మూడు నెలలే రాలేదు. సూతకం అని పాపా పంపలేదు." నా చేతిలోని కవర్లు చూసి, "మొదటి లెటర్ సంగతి వాళ్ళకి చెప్పొద్దు అంకుల్" అంది. సరేనన్నాను.

నిర్మలా దీదీ రాసిన కాగితం చేత్తో పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. చక్కటి హిందీలో, వాళ్ళు ఇక్కడ ఇరవై ఆరేళ్ళు ఉన్నారని, చాలా మంచివాళ్ళని రాసింది. ఆ కవర్లలో ఏమైనా ముఖ్యమైనది ఉందా భయ్యా అని నన్నడిగింది. ఆ రసీదు మీద సంతకం ఆవిడది. నలభై అయిదు రోజుల లెక్క మొదలైంది ఆ సంతకంతోనే. ఏం లేదు దీదీ అన్నాను. ఆ అబద్ధానికి నేనేమీ బాధపడటం లేదు. అక్కరకు రాని ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తిరిగి కోహ్కా చేరేసరికి ఒంటిగంటన్నర. సింహాచలం గారు ప్రహరీ గేటు పట్టుకుని నిలబడి ఉన్నారు. మా మొహాలు చూసి లోపలికి నడిచారు. రెండో ఉత్తరం తెలుగు చేసి చదివాను. జవాబు రాలేదన్న వాక్యం దాటేశాను. దింపుడు కళ్ళం ఆశ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. అక్కడ శవం ఉంటుంది, చెవిలో మూడుసార్లు పిలుస్తారు, పలకలేదని తెలిశాక ముందుకి కదులుతారు. వీళ్ళకి పిలవడానికి చెవి కూడా లేదు.

"పాతీసినారా?" అన్నారు సింహాచలం గారు. "కాల్చలేదా? మనల్ని అడక్కుండానే పాతీసినారా?"

సంధ్య నావైపు చూసింది. అబద్ధం ఆడదామనే వచ్చాను. ఎదురింట్లో అంత తేలిగ్గా వచ్చిన అబద్ధం ఇక్కడ నోరు దాటలేదు. కొడుకు ఎందుకు రాలేదో తెలుసుకునే హక్కు ఆయనకి లేదా అనిపించింది. ఈ రోజుకీ నేను చేసింది తప్పో ఒప్పో నాకు తెలీదు. "అడిగారండీ" అన్నాను. "ఉత్తరం పాత క్వార్టరుకి వెళ్ళింది. ఎదురింటావిడ దాచింది."

ఆయన గోడకున్న మేకుల్లో ఒకదానికి తగిలించిన చొక్కా వైపు చూస్తూ నిలబడ్డారు. "అమ్మి ఎల్తానన్నాది" అన్నారు చివరికి. "రెండు మాట్లు అన్నాది, ఉత్తరాలు తెచ్చీస్తాను పాపా అని. మైలమ్మా, ఒకలింటికి ఎల్లకూడదు అన్నాను. నానే ఎల్లనియ్యలేదు." ఆ మాట ఇంకోసారి అని నేల మీద కూర్చుండిపోయారు. సంధ్య వెళ్ళి పక్కన కూర్చుంది.

పైడమ్మ గారు గోడ దగ్గర్నుంచి మెల్లిగా నా కుర్చీ దాకా జరిగి, ఉత్తరం అడుగున ఉన్న అంకెల మీద వేలు పెట్టారు. అరబ్బీ రాకపోయినా అంకెల వరస గుర్తుపట్టారు. "ఇదేటి మాస్టారూ?" అనడిగారు. సమాధి గుర్తు అన్నాను. చదవమన్నారు.

"చదరం మూడు. వరస ఇరవై ఒకటి. నంబరు ఏడు."

ఆవిడ పెదవులు కదిలించుకుంటూ మనసులో రెండుసార్లు అనుకున్నారు. ఇరవై ఆరేళ్ళు ఆ లెక్కలోనే బతికిన మనిషి. "సెక్టారు మూడు, స్ట్రీటు ఇరవయ్యొకటి, క్వార్టరు ఏడు" అన్నారు. "తెలుగులో రాసియ్యండి. అమ్మి హిందీలో రాస్తే నాను సదవలేను." రాసిచ్చాను. కాగితం మడవకుండా చేతిలోనే పట్టుకుని, ఇంకో మాట అడిగారు.

"ఇది మరి ఖాళీ సెయ్యమనరు గదా?"

గల్ఫ్‌లో శ్మశానాల నియమాలేమిటో నిజంగా నాకు తెలీదు. "అనరమ్మా" అన్నాను.

"అయితే అడ్రసు ఇదే" అన్నారు ఆవిడ. తర్వాత భర్త వైపు తిరిగి, "లెగు. మంగలికి కబురెట్టు. ఈ రోజు నుంచి రోజులు లెక్కెట్టుకోవాల" అన్నారు.

చావు జరిగిన ఇంటి నుంచి వెళ్ళొస్తానని చెప్పి రాకూడదు. చెప్పకుండానే లేచి, గేటు చప్పుడు కాకుండా వేసి బయటికి వచ్చాను. ఎండలో సుపేలా చౌక్ దాకా నడిచాను, అక్కణ్ణుంచి షేర్ ఆటోకి ఇరవై రూపాయలు. ఆ సాయంత్రమే దుర్గ్‌లో బండి ఎక్కాను. లాడ్జి గది రెండు గంటలు కూడా వాడుకోలేదు, డబ్బు వెనక్కి అడగబుద్ధి కాలేదు.

ఈ ప్రయాణం గురించి రాయడానికి సంధ్య ఒప్పుకుంది, పేర్లు మార్చమంది, మార్చాను. నా గురించి ఒక్కటి మాత్రం వాళ్ళకి చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను. ఆ కార్డులో 'శాశ్వత' అన్న మాట టైపు చేసింది నేను. కంపెనీ మారినప్పుడల్లా నకలు మీద నకలుగా వెళ్ళింది ఆ కార్డే. ఇల్లు అనే మాటకి వాడికి అన్ని పేర్లు చెప్పి పెద్ద పండితుణ్ణని మురిసిపోయాను, ఏ గడిలో ఏది రాయాలో చెప్పాల్సిన రోజున మాత్రం ఊరుకున్నాను. బైత్ అంటే రాత్రి పడుకునే చోటని చెప్పినప్పుడు, అయితే ఈ క్యాంపు మంచం కూడా నా బైతేనా బాబాయ్ అని వాడు నవ్వాడు. అవునన్నాను. వాడు పోయింది అలాంటి మంచం మీదే. బండి టిట్లాగఢ్ దాటేదాకా అదే బుర్రలో తిరిగింది, నిద్ర పట్టలేదు.

భిలాయి వెళ్ళేవాళ్ళకీ, వెళ్ళనివాళ్ళకీ కూడా ఒక్క సలహా. మీ ఇంట్లో ఎవరైనా పరాయి దేశంలో పనిచేస్తుంటే ఈ రోజే ఫోన్ చేసి పాస్‌పోర్టు చిరునామా పేజీ, కంపెనీ కార్డు ఫోటో తీసి పంపమనండి. మీ ఫోను నంబరు అందులో ఉందో లేదో చూడండి. తర్వాత ఆ కాగితం మీద రాసి ఉన్న ఇంటికి మీరే స్వయంగా వెళ్ళి తలుపు తట్టండి, లోపల్నుంచి ఎవరు పలుకుతారో వినండి.